ఐదో మెట్ట మందుపెట్టె

వెనక్కి వచ్చిన రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది.

ఐసు గది డ్యూటీలో ఉన్నవాడు రోజుకోసారి మాటలు దాచే ఈ డబ్బాలో మాట్లాడాలి. గది ఎంత చల్లగా ఉందో, మోటారు ఎలా తిరుగుతోందో చెప్పాలి. అది రూలు. ఎవరు వింటారో తెలియదు. నా ముందు డ్యూటీ చేసినవాళ్లు అంకె చెప్పి ఆపేసేవారు. నాకు అంకె అయిపోయాక కూడా నోరు ఆగదు. ఒకచోట కూర్చోలేకే ఐదో క్లాసులో బడి మానేశాను. అలాంటివాణ్ణి తెచ్చి కదలని గది ముందు కూర్చోబెట్టారు.

పోయిన వారం ఈ డ్యూటీ వదిలేసి సముద్రం దాటి గట్టుకి, అంటే నేల మీదికి, వెళ్లిపోయాను. ఇక తిరిగి రానని అందరికీ చెప్పి, పడుకునే చాప కూడా ఇంకొకడికి ఇచ్చేసి మరీ వెళ్లాను. ఈ పొద్దున తిరిగొచ్చాను. చాప అడిగితే వాడు ఇవ్వలేదు.

గట్టు మీద గేటు దాటాలంటే ఒళ్లు చూపించాలి. ఎడమ భుజం మీద సూదిచుక్క ఉండాలి, ఎక్కడా కోడిజుట్టు ఉండకూడదు. కోడిజుట్టు అంటే పులిపిర్లే. కాకపోతే బట్టల కింద, ఎవరికీ చూపించుకోలేని చోట వస్తాయి. ఆడా మగా దగ్గరైనప్పుడు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. నొప్పి ఉండదు, ప్రాణం పోదు. కాల్చుకుంటే రాలిపోతాయి, మళ్లీ మొలుస్తాయి. సముద్రం మధ్య ఇనప కాళ్ల మీద నిలబడ్డ మా మెట్టల మీద పెద్దవాళ్లలో సగం మందికి ఉన్నాయి. గట్టు మీద ఎవరికీ లేవు. అక్కడ రెండు తరాలుగా పదేళ్లు దాటిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఇవి రాకుండా సూది వేస్తున్నారు.

మాకూ వేశారు. నాకు పన్నెండేళ్లప్పుడు గట్టు నుంచి మందుపెట్టె వచ్చింది. మెట్టలన్నిటికీ ఐసు గది మాదొక్కటే కాబట్టి మందంతా ఇక్కడే దాచారు. వేట ఆపే రోజులు వచ్చి పిల్లలందరూ ఇళ్లకి చేరాక చిట్టెమ్మత్త వరసగా నిలబెట్టి సూది వేసింది. వేసిన ప్రతివాడి భుజం మీదా మసితో పచ్చచుక్క పొడిచింది. ఈ చుక్క ఉంటే పెద్దయ్యాక గట్టుకి పోవచ్చురా అంది. పదేళ్లు ఆ చుక్కని చూసుకుంటూ బతికాను.

గేటు దగ్గర గుడారంలో ఒకాయన టార్చి వేసి చూశాడు. భుజం చూశాడు. నడుం కింద చూశాడు. మళ్లీ భుజం చూశాడు.

"ఈ చుక్క ఎవరు పెట్టారు?"

"మా అత్తండి."

"సూది వేసి పెట్టిందా, ఊరికే పెట్టిందా?"

"వేసే పెట్టిందండి."

"సూది పడ్డవాడికి ఇవి రావు బాబూ. మా నాన్న కాలం నుంచి ఇక్కడ ఎవరికీ రాలేదు. దొంగచుక్కతో ఇంకోసారి రాకు."

ఐదో మెట్ట నుంచి వెళ్లింది ఆరుగురం. నలుగురం వెనక్కి వచ్చాం. గేటు దాటిన ఇద్దరూ ఇంతవరకు ఆడపిల్ల చెయ్యి కూడా పట్టుకోనివాళ్లు.

మర్నాడు
లోపలి గది: మైనస్ పందొమ్మిది. మోటారు బాగానే ఉంది.

పోలేసు మావ ఐసు మేస్త్రీ. అమ్మకి అన్న. అమ్మ పోయాక నన్నూ, చెల్లి బంగారినీ పెంచింది ఆయనే. చిట్టెమ్మత్త ఆయన భార్య. బంగారికి ఇప్పుడు పన్నెండేళ్లు. స్క్విడ్డు పడవలో వేటకి పోయింది. నేను గట్టు మీద హాయిగా ఉన్నాననుకుంటూ ఉంటుంది.

మావ నన్ను చూసి నవ్వాడు.

"ఏరా అల్లుడూ, గట్టు మీద కూడు బాలేదేట్రా?"

"పెట్టలేదు మావా. గేటు దగ్గరే తిప్పి పంపారు. దొంగచుక్క అన్నారు."

నవ్వు ఆగిపోయింది.

"దొంగచుక్కా? నా సేత్తో దాసిన మందురా అది. ఒక్క సీసా పగల్లేదు. కూతుర్ని దాసినట్టు దాసేను. ఆళ్లకి మనం ఆడికి రావడం ఇట్టం లేదు. అందుకని ఏదో ఒకటి అంటారు."

అత్త చేప పొలుసు గీరుతూ తల ఎత్తకుండా అంది. "గట్టోళ్లని అనడం కాదు. సూది పడ్డోళ్లకి రాదంటన్నారు కదా. మరి ఈడికి ఎలా వచ్చింది? ఎంతమందితో తిరిగితే సూదిని కూడా మింగేసుంటది?"

"ఒక్కతే అత్తా."

"ఆ ఒక్కత్తీ ఎంతమందితో తిరిగిందో."

ఆమెది రెండో మెట్ట. ఆమె భుజం మీదా చుక్క ఉంది. ఇద్దరం చుక్కలు చూపించుకుని, ఇక మనకేం భయం అని నవ్వుకున్నాం. పేరు ఈ డబ్బాలో చెప్పను. మెట్ట మీద ఇప్పుడు అందరిదీ అత్త మాటే. సూది తప్పదు కాబట్టి మనుషులే తప్పి ఉండాలి. నాతో వెనక్కి వచ్చినవాళ్లలో ఒకడికి కుదిరిన సంబంధం అప్పుడే చెడిపోయింది.

రెండు రోజుల తర్వాత
లోపలి గది: మైనస్ పద్దెనిమిది. తలుపు ఎక్కువసార్లు తీశారు.

గట్టు నుంచి పడవ వచ్చింది. రూతు సిస్టరు అని ఒక నర్సమ్మ దిగింది. ఆరుగురిలో నలుగురికి ఉన్నాయంటే ఇది దొంగచుక్కల సంగతి కాదు, మందు సంగతి చూడాలి అని పైవాళ్లతో గొడవపడి వచ్చిందట. నీలం రంగు పెట్టెలో కొత్త మందు కూడా తెచ్చింది.

ముందు నన్ను చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం కొత్త రకం చేపని చూసినట్టు చూసింది.

"ఇరవై ఏళ్లుగా నర్సుని బాబూ. పుస్తకంలో బొమ్మ చూశాను గానీ మనిషి మీద చూడటం ఇదే మొదలు. మా దగ్గర అంతలా పోయాయి."

"మీకందరికీ సూది పడింది కదండీ, మరి మమ్మల్ని చూసి భయమెందుకు? మా నుంచి మీకు అంటదు కదా."

"నాకు భయం లేదు. గేటు దగ్గర కూర్చునేవాళ్లకి ఉంది."

పాత మందు ఎలా దాచారని అడిగింది. పోలేసు మావ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాడు. లోపలి గదిలోకి వెళ్లి అట్టడుగు అర నుంచి ఒక సీసా తెచ్చాడు. పదేళ్ల కింద మిగిలిందట. మంచు పట్టి తెల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఆమెకి అందించాడు.

"సూడండమ్మా. ఇప్పటికీ అలాగే ఉంది."

ఇక్కడ ఏదైనా పోకూడదనుకుంటే "లోపలికి పెట్టెయ్" అంటాం. వలలో పడ్డ మొదటి వంజరం లోపలికి. విత్తనాలు లోపలికి. ఉప్పుగాలికి జరీ నల్లబడుతుందని పెళ్లిచీరలు కూడా లోపలికే. మనిషి పోతే, సముద్రం సద్దుమణిగి సాగనంపేదాకా వాళ్లూ లోపలే. ఎంత విలువైనదైతే అంత అడుగు అర.

సిస్టరు ఆ సీసాని చేతుల మధ్య పెట్టుకుని కరిగించింది. నీలం పెట్టె నుంచి కొత్తది ఒకటి తీసింది. రెండిటినీ గట్టిగా కుదిపి చేపల బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి, బియ్యం కడిగిన నీళ్లలా. అందరం చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి పాత సీసాలో పైన నీళ్లు తేరుకున్నాయి, అడుగున తెల్ల మడ్డి పేరుకుంది. కొత్తది అలాగే ఉంది.

"గడ్డకడితే ఈ మందు లోపల విరిగిపోతుంది" అంది. "కరిగాక చూడటానికి మందులాగే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. వీళ్లందరికీ మీరు వేసింది ఇదే."

మావ సీసా వంక చూశాడు. "పాతబడింది కదమ్మా. పదేళ్లు. పాతబడితే మడ్డి కట్టదా?"

"పాతబడితే ఇలా విడిపోదండి. ఇది గడ్డకట్టినందుకే."

"అలాగేనండి" అన్నాడు మావ. ఇంటికొచ్చినవాళ్లతో ఆయన మర్యాదకి అనే మాట అది. నమ్మినప్పుడు ఆయన అలా అనడు.

ఆమెని పక్కకి తీసుకెళ్లి అడిగాను. "నాకు ఇప్పుడు మంచి మందు వేస్తే ఇవి పోతాయాండి?"

"పోవు. రాకముందు ఆపుతుంది, వచ్చినవాటిని పోగొట్టదు. ఇంకా రాని రకాలకి నీకూ కొంత పనికొస్తుందేమో గానీ, తెచ్చింది పిల్లలకే చాలదు."

"మరి చుక్క ఉన్నవాళ్లకి మళ్లీ వెయ్యరా?"

"వెయ్యకూడదని పైవాళ్ల రూలు. చెడిపోయిన మందు పడిందని నేను చెబుతాను. చేతికిస్తే చెడగొట్టుకున్నవాళ్లకి మళ్లీ ఎందుకంటారు. ఈ పెట్టె కూడా నేను పోట్లాడితే వచ్చింది. ఈసారి చెడితే ఇంకోటి తేలేను." పెట్టె మూత మూస్తూ అడిగింది. "మీ ఇంట్లో పిల్లలున్నారా?"

"చెల్లి. వేటలో ఉంది."

"మీ అమ్మ?"

"పోయింది. కడుపులో గడ్డ. చాలా రోజులు రక్తం పోయింది."

ఎక్కడ గడ్డ అని అడిగింది. చెప్పాను. 

"ఈ సూది పులిపిర్లకి మాత్రమే కాదు బాబూ. మీ అమ్మకి వచ్చిన లాంటిదాన్ని కూడా చాలావరకు ఆపుతుంది. మీ చెల్లికి బతికున్న మందు పడాలి."

గాలి మారిన రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది. నీలం పెట్టె: ఐదు.

గాలి మారుతోందని పడవవాళ్లు తొందరపెట్టారు. పిల్లలు వేట నుంచి ఇంకా చేరలేదు. సిస్టరు చిట్టెమ్మత్తకి సూది ఎక్కడ ఎలా వెయ్యాలో మళ్లీ చూపించి, పెట్టె నా చేతికిచ్చి వెళ్లింది. మేస్త్రీకి కాకుండా నాకిచ్చింది. మావ పడవ తాడు విప్పుతున్నంతసేపూ నావైపు చూడలేదు.

"రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంచు" అంది. "కాస్త వేడి తగిలితే కొన్నాళ్లు తట్టుకుంటుంది. ఎనిమిది దాటిందని కంగారుపడకు. సున్నా దిగితే మాత్రం అక్కడితో అయిపోయినట్టే."

పెట్టెకి ఎండతో నడిచే మోటారు ఉంది. మూత మీద అంకె కనిపిస్తుంది. నా చేతికి ఎవరూ ఇంత ముఖ్యమైనది ఎప్పుడూ ఇవ్వలేదు.

పెట్టె మోటారు ఆగిన రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది. అడ్డగది: ఆరు.

కెరటం ఎగిరి పడి పెట్టె మోటారులోకి ఉప్పునీళ్లు పోయాయి. విప్పి తుడిచాను, తిరగలేదు. పెట్టెలో అంకె పైకి పాకుతోంది. బయట ఎండ ముప్పై ఎనిమిది. లోపల మైనస్ పందొమ్మిది. ఇంత పెద్ద ఇనప దిమ్మె మీద నాలుగు డిగ్రీల చోటు ఎక్కడుంటుంది?

అడ్డగదిలో ఉంటుంది. లోపలి గదికి రెండు తలుపులు, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. చలి బయటికి పోకుండా కట్టింది. లోపలి తలుపుకి ఆనిస్తే సున్నా, బయటి తలుపుకి ఆనిస్తే పద్నాలుగు. మధ్యలో చేపల ట్రే బోర్లించి, దాని మీద తడి గోనె చుట్టిన పెట్టె పెట్టాను. ఎండ ఎక్కేకొద్దీ లోపలికి జరపాలి, వాలాక బయటికి జరపాలి. ఎవరైనా చేపల కోసం లోపలి తలుపు తీస్తే చలి ఒక్కసారి మీద పడుతుంది, అప్పుడు పెట్టె ఎత్తుకుని బయటికి పరుగెత్తాలి.

మూడు పూటల తర్వాత
లోపలి గది: మైనస్ పందొమ్మిది. అడ్డగది: నాలుగు. మళ్లీ ఐదు. మళ్లీ నాలుగు.

ఒళ్లు తుప్పు పట్టిపోతోంది. నేను ఒకచోట ఇంతసేపు కూర్చోవడం అమ్మ చూస్తే జ్వరమేమోనని చెయ్యి పట్టుకునేది. పెట్టె జరిపి, అంకె చూసి, మళ్లీ జరుపుతాను.

చేపల కోసం వచ్చే ధనకొండకి నన్ను చూస్తే సరదా.

"ఏరా మసేనూ, పొదుగుతున్నావా? కోడిజుట్టు ఎలాగూ ఉంది నీకు. ఇక గుడ్డు పెట్టడమే తక్కువ."

"తలుపు తొందరగా ముయ్యి అన్నా."

"కూత కూడా వచ్చేసింది."

మావ అన్నం తెచ్చి పెట్టాడు. పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు, పిల్లాడి నుదురు చూసినట్టు.

"సల్లగా లేదురా."

"అంతే ఉండాలి మావా. ఆవిడ చెప్పింది కదా."

"గట్టోళ్లకి ఐసు గురించి ఏం తెలుసు? ఆళ్లు ఐసు కొనుక్కునేటోళ్లు. నేను నలభై ఏళ్లుగా దీంతోటే కాపురం చేస్తన్నాను. ఎండ పాడు చేస్తది, తేమ పాడు చేస్తది, ఉప్పు పాడు చేస్తది. ఐసు దేన్నీ పాడు చెయ్యదు. మీ అమ్మని తుపానొచ్చి తగ్గేదాకా అడుగు అరలో దాసేను. తీసినప్పుడు ముఖం మారిందా? చెప్పు."

మారలేదు. నిద్రపోతున్నట్టే ఉంది. అదే చెప్పాను.

"మరి" అన్నాడు మావ.

 అమ్మ అప్పటికే పోయింది కదా అని తర్వాత తట్టింది. అప్పటికి ఆయన వెళ్లిపోయాడు.

పడవ ఆగిపోయిన రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది.

మధ్యాహ్నం గాలివాన లేచింది. స్క్విడ్డు పడవ ఇంజన్ ఆగిపోయిందని, మూడో మెట్ట కాళ్ల వైపు కొట్టుకుపోతోందని రేడియోలో కేక వినిపించింది. అందులో పిల్లలున్నారు. బంగారి ఉంది.

తాడు నడుముకి కట్టుకుని అంత దూరం ఈదగలిగేది మెట్ట మీద నేనొక్కణ్ణే. మావ అడ్డగది దగ్గరే ఉన్నాడు.

"మావా, పెట్టె ఎక్కడుందో అక్కడే ఉండనియ్. ఎనిమిది దాటినా, పది దాటినా పరవాలేదు. లోపలికి మాత్రం పెట్టకు."

"ఎల్లరా ముందు, ఎల్లు. నేను సూసుకుంటాను."

దూకాను. కెరటాలు దిమ్మె కాళ్లకి కొట్టుకుని వెనక్కి విరుచుకుపడుతున్నాయి. పడవ అందేసరికి చేతుల్లో సత్తువ లేదు. తాడు ముడి వేసింది బంగారే. పడవ అంచు మీద నుంచి వంగి, నా ముఖం మీది నీళ్లు తుడిచి చూసింది.

"అన్నా? నువ్వు గట్టుకి పోలేదా?"

"పోయాను. వచ్చేశాను."

"ఎందుకు?"

"ముందు ముడి గట్టిగా వెయ్యి."

పడవని లాక్కొచ్చేసరికి ఎండ మళ్లీ కాసింది. పిల్లలందరూ బతికే ఉన్నారు. జనం నన్ను ఎత్తుకున్నారు. ధనకొండ ముద్దు పెట్టాడు. వాళ్లందర్నీ తోసుకుని అడ్డగదికి పరుగెత్తాను.

ట్రే బోర్లించి అలాగే ఉంది. దాని మీద పెట్టె లేదు.

లోపలి గదిలో ఉంది. అట్టడుగు అరలో. కింద మెత్తగా కొత్త గోనె పరిచి, చుట్టూ ఐసు చిన్న ముక్కలుగా కొట్టి సర్ది, రెండు పక్కలా రెండు పెద్ద వంజరాలు ఆనించి పెట్టి ఉంది. అంత శ్రద్ధగా సర్దిన అర నేనెప్పుడూ చూడలేదు. ఒక సీసా తీశాను. రాయిలా ఉంది.

మావ గుమ్మంలో నిలబడ్డాడు.

"తొమ్మిది సూపించిందిరా. నేను సూస్తుండగానే పది అయ్యింది. గాలికి తలుపు ఆగట్లేదు. ఎనిమిది దాటకూడదని ఆవిడే అంది కదా. బంగారి మందురా అది. నా కళ్ల ముందు ఎలా సెడిపోనివ్వను?"

కొట్టాలనుకున్నాను. చెయ్యి ఎత్తాను కూడా. ఆయన తప్పుకోలేదు. ఆయన చేతులు ఐసు కొట్టి కొట్టి ఎర్రగా, వేళ్ల దగ్గర చీరుకుపోయి ఉన్నాయి. చెయ్యి దించేశాను.

తర్వాతి రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది.

చేపల బల్ల మీద అందరి ముందూ సీసా కరిగించి కుదిపి పెట్టాను. పైన నీళ్లు తేరాయి, అడుగున మడ్డి దిగింది. సిస్టరు చూపించినప్పటిలాగే.

"ఇది కొత్త మందు. పాతబడలేదు. చూడండి."

అందరూ చూశారు. ధనకొండ సీసా తీసుకుని కుదిపాడు, మళ్లీ బియ్యం కడిగిన నీళ్లలా అయ్యింది.

"కలిసిపోయింది కదరా. ఏసే ముందు కుదిపితే సరిపోద్ది."

"కలిసినా పని చెయ్యదన్నా."

"నీకెలా తెలుసు? నువ్వేమన్నా డాక్టరువా? ఎనక్కొచ్చావు కాబట్టి ఎవరూ ఎల్లకూడదనుకుంటన్నావు."

నిన్న నన్ను ముద్దు పెట్టుకున్నది ఇతనే. గట్టుకి రేడియో చేశాను. గరగర తప్ప ఏమీ లేదు. గాలి మారాక మూడు నెలలు అంతే.

జనం వెళ్లాక చిట్టెమ్మత్త దగ్గర కూర్చున్నాను. ఆమె సూదులు మరగపెడుతోంది.

"నువ్వు చూశావు కదత్తా."

"సూసేను."

"మరి ఎలా వేస్తావు?"

"పిల్లలందరూ వచ్చేసేరు. తల్లులు తలలు దువ్వి కూర్చోబెట్టేరు. మందు సచ్చిపోయిందని ఆళ్లకి సెప్పమంటావా? ఎవరు సంపేరంటే ఏం సెప్పాలి, నా మొగుడనా?" గిన్నె దించింది. "సగం బతికుందేమో. నీకేం తెలుసు, నాకేం తెలుసు. ఏసేద్దాం."

"వేస్తే చుక్క పొడుస్తావు. చుక్క పడితే ఇక ఎప్పటికీ మంచి మందు వెయ్యరు. ఉట్టి నీళ్లకి ఆ అవకాశం కూడా పోతుంది."

"మంచి మందు ఎక్కడుందిరా?"

సూది రోజు
లోపలి గది: మైనస్ పద్దెనిమిది. వంజరాలన్నీ విందుకి తీసేశారు.

పిల్లలు కొత్త బట్టలు వేసుకుని వరసలో నిలబడ్డారు. మోటారు ఆపి మరీ పాటలు పెట్టారు. మావ ఒక్కో సీసా చేతులతో కరిగించి, కుదిపి, అత్తకి అందిస్తున్నాడు. మొదట ఆయన మనవరాలు. ఏడవలేదు. చుక్క పొడిపించుకుని అందరికీ తిప్పి చూపించింది. పదేళ్ల కింద నేనూ అలాగే చూపించాను.

బంగారి వరసలో మధ్యలో ఉంది. చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. చెప్పాల్సిందంతా చెప్పాను. గట్టు, గేటు, నా సంగతి, మడ్డి, చుక్క, అమ్మ సంగతి కూడా. నోరు తెరిస్తే ఆగనివాణ్ణి, ఆ రోజు మాటలు వెతుక్కున్నాను.

"అయితే నాకు చుక్క ఉండదా?"

"ఉండదు."

"అందరికీ ఉంటుంది. నాకొక్కదానికే ఉండదు."

"మళ్లీ పెట్టె వచ్చిన రోజు నీకొక్కదానికే మంచి మందు పడుతుంది."

"ఎప్పుడొస్తుంది?"

"తెలీదు."

"వస్తుందా?"

 వరస ముందుకి కదిలింది. ఆమె చోటు ఖాళీగా ఉంది, వెనక పిల్ల ఇంకా అందులోకి రాలేదు. బంగారి ఆ ఖాళీ వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత నా పక్కనే, చేతులు కట్టుకుని నిలబడింది. వరస మూసుకుపోయింది.

మావ చూశాడు. చేతిలో కరుగుతున్న సీసా ఉంది.  ఆ సీసా చాలాసేపు పట్టుకునే ఉన్నాడు, ఆమె మనసు మార్చుకుంటుందేమోనని. చివరికి పక్కన పెట్టేశాడు.

వేట మళ్లీ మొదలైన రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది.

చుక్క లేని పిల్లని పడవ ఎక్కించుకోవడం లేదు. దురదృష్టమట. ఆమెతో ఆడే పిల్లలు కూడా ఇళ్లలోకి వెళ్లిపోతున్నారు. పెద్దయ్యాక దీన్ని ఎవరు చేసుకుంటారు అని ధనకొండ భార్య మావతోనే అందట. ఆ మాటన్నందుకు మావ ఆవిడతో మాట్లాడటం మానేశాడు. నాతోనూ మాట్లాడటం లేదు. అన్నం మాత్రం తెచ్చి పెడుతున్నాడు.

ఈ పొద్దున బంగారి వచ్చి భుజం చూపించింది. అప్పుడే పొడిచినట్టు నల్లటి చుక్క. ఆమె భుజం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను.

"ఎవరు పొడిచారు? అత్తా?"

"పొడవలేదు. స్క్విడ్డు సిరా." వేలు నాలుక మీద తడి చేసి రుద్దింది. చుక్క సగం చెరిగింది. "చూడు, కడిగితే పోతుంది. పడవొచ్చిన రోజు కడిగేసుకుంటాను. అప్పటిదాకా వేటకి పోనిస్తారు కదా."

"చెమటకి చెరిగితే?"

"అందుకే నీ దగ్గరికొచ్చాను. రోజూ పొద్దున్నే పెట్టు. నాకు ఆ చోటు అందదు, వంకరగా వస్తోంది."

గరగర తగ్గిన రోజు
లోపలి గది: మైనస్ పందొమ్మిది.

పొద్దున్నే రేడియోలో గట్టు దొరికింది. రూతు సిస్టరు కావాలన్నాను. ఆమెని వేరే చోటికి మార్చారన్నారు. జరిగింది చెప్పాను. పెట్టె గడ్డకట్టింది, పిల్లలందరికీ పడింది ఉట్టి నీళ్లే, ఒక్క పిల్ల మిగిలింది, ఆమెకి చుక్క లేదు, ఒక్క సీసా పంపినా చాలు అన్నాను.

అవతలి మనిషి ఓపిగ్గానే విన్నాడు. "ఐదో మెట్ట సూదులు పూర్తయ్యాయని మాకు కబురొచ్చింది. మీకిక పెట్టె లేదు. ఒక్క పిల్ల కోసం పడవ రాదు తమ్ముడూ" అన్నాడు. తర్వాత మళ్లీ గరగర.

బంగారి సిరా గిన్నెతో వచ్చి నా ముందు వీపు తిప్పి కూర్చుంది.

"గట్టు దొరికిందటగా. పడవ సంగతేమన్నా చెప్పారా?"

"మాట సరిగ్గా వినపడలేదు."

"రేపు మళ్లీ చూడు."

"చూస్తాను."

పుల్ల సిరాలో ముంచి చుక్క పెట్టాను. ఊదాను. ఆరేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత లేచి పడవ వైపు పరుగెత్తింది.

అడ్డగదిలో ట్రే ఇంకా బోర్లించే ఉంది. దాని మీద ఖాళీ పెట్టెకి తడి గోనె చుట్టి ఉంచాను. ఎండ ఎక్కితే లోపలికి జరుపుతున్నాను, వాలితే బయటికి జరుపుతున్నాను. ఎందుకని ధనకొండ అడగడం కూడా మానేశాడు.

అడ్డగది: నాలుగు.